లివరా, నట్టా? రైఫిల్ స్కోప్ మౌంట్ల తగువు

రైఫిల్ కొన్నవాళ్లు ఏ స్కోప్ తీసుకోవాలా అని నెలల తరబడి చదువుతారు. తీరా ఆ స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంట్ దగ్గరికొచ్చేసరికి, దుకాణంలో ఏది చేతికిస్తే అది పట్టుకొచ్చేస్తారు. చేతికొచ్చేవి రెండు జాతులు. ఒకదానికి నట్లుంటాయి. పానాతో బిగించాలి, పానాతోనే విప్పాలి. దాన్ని ఫిక్స్‌డ్ మౌంట్ అంటారు. రెండోదానికి లివర్లుంటాయి. బొటనవేలితో తిప్పితే స్కోప్ ఊడి చేతికొస్తుంది, మళ్లీ పెట్టి తిప్పితే కూర్చుంటుంది. ఇది క్విక్ డిటాచ్, వాడుకలో క్యూడీ. డల్లాస్, హ్యూస్టన్ వైపు అడవి పందుల వేటకు వెళ్లే మనవాళ్లలో కూడా ఈ రెండు పక్షాలూ ఉన్నాయి.

తగువంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: తీసి మళ్లీ పెడితే జీరో నిలుస్తుందా? స్కోప్‌లో గురి చూసిన చోటే తూటా తగిలేలా సరిచేసుకున్న స్థితిని జీరో అంటారు. నట్ల పక్షం నిలవదంటుంది, లివర్ల పక్షం నిలుస్తుందంటుంది. నన్నడిగితే ఇది రెండో ప్రశ్న. అసలు మీరు ఆ స్కోప్‌ను తీస్తారా, తీస్తే ఎందుకు తీస్తారు, తీశాక ఆ రైఫిల్‌తో ఏం చేస్తారు అన్నది మొదటి ప్రశ్న. దీనికి జవాబు దొరికితే రెండోదానిలో సగం వేడి తగ్గిపోతుంది.

అయినా రెండో ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. లెక్క వేసి చూడండి. మౌంట్ అడుగుభాగం పొడవు 100 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని ఒక కొస 0.01 మిల్లీమీటరు పైకి లేచిందంటే 100 మీటర్ల దూరంలో దెబ్బ ఒక సెంటీమీటరు పైకో కిందికో పోతుంది. తల వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు. అది ఒక కొస కింద ఇరుక్కుంటే 100 మీటర్లలో 7 సెంటీమీటర్లు, 300 మీటర్లలో 21. వైట్‌టెయిల్ జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అడ్డంగా 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మధ్యలోకి గురిపెట్టిన తూటా ఆ వలయం దాటి బయట పడుతుంది. చిన్న ఇసుక రేణువో, ఎండిన నూనె పొరో, మౌంట్ కూర్చునే రైల్ అంచున లేచిన బరకో చాలు.

పైగా ఈ బిగింపు మీద పడే బలం తక్కువేం కాదు. నాలుగు కిలోల రైఫిల్‌లో .308 తూటా పేలిందనుకోండి. తూటా గొట్టంలో ఉండేది మిల్లీసెకనుకు కాస్త ఎక్కువ. ఆ కొద్ది సమయంలో రైఫిల్ భూమ్యాకర్షణ త్వరణానికి సుమారు 180 రెట్ల త్వరణంతో వెనక్కి తన్నుకుపోతుంది. మీద ఉన్న 700 గ్రాముల స్కోప్ మాత్రం కదలనని మొండికేస్తుంది. దాన్ని కూడా లాక్కుపోవడానికి మౌంట్ సగటున వంద కిలోల బరువుకు మించిన బలం ఇవ్వాలి. ఇది ప్రతి తూటాకూ జరుగుతుంది. కాబట్టి మౌంట్ పని రెండు రకాలు. తన్ను తగిలినప్పుడు జారకూడదు, తీసి పెట్టినప్పుడు పాత చోటే కూర్చోవాలి. నట్టుకు మొదటి పని ఉంటే చాలు, లివర్‌కు రెండూ కావాలి.

స్కోప్‌ను ఊడేలా చేయాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. నిజానికి వెనకటి సైనిక స్కోపుల్లో ఎక్కువ భాగం ఊడేవే. కారణం తూటాలు నింపే పద్ధతి. బోల్ట్ రైఫిల్‌లో ఐదు తూటాలున్న క్లిప్పును పైనుంచి గుచ్చి నెడతారు. స్కోప్ సరిగ్గా అదే దారికి అడ్డం. సోవియట్ మోసిన్ రైఫిల్ మీద 1942 నుంచి వచ్చిన కొచెతోవ్ మౌంట్, పీయూ స్కోప్‌ల జోడీతో ఇదే ఇబ్బంది. స్కోప్ ఉండగా క్లిప్పు పట్టదు, తూటాలు ఒక్కొక్కటిగా వేసుకోవాల్సిందే. స్కోప్ అద్దం పగిలినా, మంచు పట్టినా ఇనుప సైట్లతో కాల్చుకునే వీలుండాలన్నది రెండో కారణం.

ఆ తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది బ్రిటిష్ వాళ్ల లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 మార్క్ 1 (టి). బాగా గురి కుదిరిన రైఫిళ్లను ఫ్యాక్టరీలో ఏరి లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్‌కు పంపేవారు. వేటగాళ్లకు ఖరీదైన తుపాకులు చేసే ఆ సంస్థ యుద్ధకాలంలో 26 వేలకు పైగా రైఫిళ్లకు స్కోపులు అమర్చింది. రైఫిల్ ఎడమ పక్కన రెండు ఉక్కు దిమ్మెలు స్క్రూలతో బిగించేవారు. బ్రాకెట్ ఆ దిమ్మెల మీద కూర్చుంటుంది. చేత్తో తిప్పే రెండు పెద్ద స్క్రూలే దాన్ని పట్టి ఉంచుతాయి. పానా అక్కర్లేదు, అంటే ఇవాళ్టి మాటల్లో క్యూడీయే. అసలు కిటుకు అంకెల్లో ఉంది. బ్రాకెట్ మీద రైఫిల్ నంబరు కొట్టేవారు. రైఫిల్ మడమ సన్నబడే చోట, కర్ర మీద, స్కోప్ నంబరు కొట్టేవారు. ఈ స్కోప్ ఈ రైఫిల్‌దే, ఇంకో దానికి తగిలించొద్దని అర్థం. ప్రయాణంలో స్కోప్ విడిగా ఒక రేకు డబ్బాలో ఉండేది. ఆ డబ్బాలోంచి తీసి పెట్టినా జీరో నిలిచేదంటే దానికి కారణం స్క్రూల గొప్పతనం కాదు. ఆ బ్రాకెట్టూ ఆ దిమ్మెలూ ఒకదానికొకటి అతికేలా చేత్తో కుదిర్చినవి.

జర్మన్ వేట తుపాకుల కొక్కెం మౌంట్లదీ ఇదే దారి. ముందు కాళ్లను గాడిలో గుచ్చి, వెనక కాళ్లను కిందికి నొక్కితే టక్కుమని కూర్చునేవి. ప్రతి జతనూ పనివాడు ఆకురాయితో అరగదీసి కుదిర్చేవాడు. రైఫిల్ ధరలో గణనీయమైన భాగం ఆ కొక్కేలకే పోయేది. అమెరికాలో 1923లో మొదలైన గ్రిఫిన్ అండ్ హో వాళ్ల లివర్ మౌంట్ 1944లో అక్కడి సైన్యపు ఎం1సి గరాండ్ రైఫిల్ మీదికి ఎక్కింది. గరాండ్‌కు ఎనిమిది తూటాల క్లిప్పు పైనుంచే దిగుతుంది గనుక స్కోప్‌ను ఎడమకు జరిపి పెట్టారు. ఎం1సి కోసం రైఫిల్ శరీరానికి రంధ్రాలు వేయాలి. అంత శ్రమ ఎందుకని ఎం1డిలో గొట్టం మీద ఒక దిమ్మె ఎక్కించి, ఒకే ఒక్క పెద్ద చేతి స్క్రూతో సరిపెట్టారు. రెండూ ఊడేవే. సైన్యం చూసుకున్నది తయారీలో ఏది తేలిక అని.

ఈ పద్ధతిని మార్చేసింది రైల్. టెక్సస్‌లోని ఎల్ పాసోలో స్కోపులు చేసిన వీవర్ పేరుతో అడ్డగాళ్లున్న రైల్ మొదట ప్రచారంలోకి వచ్చింది. దాని గాడి వెడల్పు 4.57 మిల్లీమీటర్లు, గాళ్ల మధ్య దూరానికి మాత్రం నియమం లేదు. 1995 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం మిల్ స్టాండర్డ్ 1913 ప్రకటించింది. న్యూ జెర్సీలోని పికటిన్నీ ఆయుధాగారం పేరుతో ఇది పికటిన్నీ రైల్ అయింది. గాడి 5.23 మిల్లీమీటర్లు, గాడికీ గాడికీ మధ్య 10.01. ఇక ఏ కంపెనీ మౌంటయినా ఏ కంపెనీ రైఫిల్ మీదయినా కూర్చుంటుంది. ఎన్‌ఫీల్డ్ బ్రాకెట్ తన ఒక్క రైఫిల్ కోసం పుట్టింది. పికటిన్నీ మౌంట్ మాత్రం కాగితం మీది కొలత కోసం పుడుతుంది. ఆ కొలతకు అటూ ఇటూ కొంత సడలింపు ఉంటుంది గనుక, ఒక రైల్ మీద లివర్ గట్టిగా బిగిస్తే ఇంకో రైల్ మీద వదులుగా ఆడుతుంది. క్యూడీ మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద భాగం పుట్టింది ఇక్కడే.

ఇంకో చిక్కు రైల్ ఆకారంలో ఉంది. పికటిన్నీ రైల్‌కు రెండు పక్కలా ఏటవాలు అంచులుంటాయి. మౌంట్ వాటిని పట్టుకుంటుంది. ఏటవాలును ఎంత గట్టిగా నొక్కితే మౌంట్ అంత పైకో కిందికో జరగబోతుంది. కూర్చునే ఎత్తు బిగింపు మీద ఆధారపడుతుందన్నమాట. నాటో 2009లో తెచ్చిన స్టానాగ్ 4694 ప్రమాణం ఇక్కడే చేయి వేసింది. కొలతకు ఆధారం ఏటవాలు అంచులు కాదు, రైల్ పైభాగపు చదునే అంది. మౌంట్ పైచదును మీద ఆని కూర్చుంటే అంచుల పని కిందికి లాగి పట్టడం వరకే. పాత మౌంట్లు కొత్త రైల్ మీద కూడా పట్టేలా దీన్ని రూపొందించారు. లివర్‌కు ఇది నట్టుకంటే ఎక్కువ మేలు చేసిన మార్పని నా అభిప్రాయం.

లివర్‌ను దగ్గరగా చూద్దాం. మౌంట్‌కు ఒక పక్క కదలని దవడ, రెండో పక్క కదిలే దవడ. లివర్ అడుగున ఒక వంకర చక్రం ఉంటుంది. తిప్పుతుంటే దాని ఉబ్బెత్తు భాగం దవడను లోపలికి నెడుతుంది. రెండో పక్కన చిన్న సర్దుబాటు నట్టు. అది లివర్ బిగింపు ఎక్కడ మొదలవాలో నిర్ణయిస్తుంది. నా చేతికొచ్చిన వాడిన మౌంట్లలో చాలావాటికి ఈ నట్టును పెట్టెలోంచి తీసినప్పటి నుంచీ ఎవరూ ముట్టుకున్న జాడ ఉండదు. సర్దుబాటు సరిగా ఉంటే లివర్ దారిలో దాదాపు సగం దాకా తేలిగ్గా తిరగాలి, అక్కణ్నుంచి ఎదురు తిరగాలి, చివర్లో బొటనవేలి కండ తెల్లబడాలి. రెండు వేళ్లతో మూసుకుపోయిందంటే వదులు. సుత్తి కావాల్సి వస్తే అతిగట్టి. అల్యూమినియం రైల్ మీద గట్టి పూత అరిగి, కొన్నాళ్లకు దవడ పట్టే చోట మెరిసే గుంట పడుతుంది. అప్పుడు మళ్లీ వదులవుతుంది.

రైల్ అడ్డగాడిలో కూర్చునే కడ్డీ ఇంకో ముఖ్యమైన భాగం. గాడి 5.23 మిల్లీమీటర్లుంటే కడ్డీ అంతకంటే సన్నంగా ఉండక తప్పదు. లేకపోతే దూరదు. ఆ సందులో మౌంట్ ముందుకూ వెనక్కూ కాస్త ఆడుతుంది. అందుకే లివర్ మూసేముందు ఎడమచేత్తో మౌంట్‌ను గొట్టం వైపుకు, ముందుకు, గట్టిగా నెట్టి పట్టుకోవాలి. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ జారబోయేది ముందుకే. ముందే కడ్డీని గాడి ముందు గోడకు ఆనిస్తే ఇక జారడానికి చోటుండదు. ఇది చేయకుండా పెట్టి, మొదటి మూడు తూటాలు ఒక చోట, తర్వాతవి ఇంకో చోట పడ్డాయని మౌంట్‌ను తిట్టేవాళ్లు ఎక్కువ. మౌంట్ మూడు తూటాల తన్నుకు తన చోటు తనే వెతుక్కుందంతే.

ఈ లివర్ల తయారీలో మూడు దారులున్నాయి. అమెరికన్ డిఫెన్స్, టెక్సస్‌లోని లారూ వంటివాళ్లవి సర్దుబాటు నట్టున్నవి. బోబ్రో వాళ్లది స్ప్రింగు సాయంతో రైల్ వెడల్పుకు తనంతట తనే సర్దుకునేది. మూడోది అసలు సర్దుబాటే లేనిది. తొలితరంలో ఎక్కువగా ఇదే వచ్చింది, క్యూడీకి చెడ్డపేరు తెచ్చిందీ ఇదే. ఇప్పుడు కొనేవాళ్లకు ఈ మూడోదాన్ని నేను సిఫారసు చేయను. వేటకు వెళ్లేవాళ్లయితే లివర్‌కు తాళం మీట ఉందో లేదో కూడా చూడాలి. రైఫిల్ భుజానికి వేలాడుతుంటే పట్టీ, కంపచెట్లు లివర్‌ను లాగి తెరిచేస్తాయి. బోల్ట్ రైఫిల్ మీద లివర్లు ఎడమవైపే ఉండాలి. కుడివైపుంటే బోల్ట్ పిడికీ, బయటికెగిరే ఖాళీ కేసుకూ అడ్డం.

ఫిక్స్‌డ్ వైపు చెప్పాల్సింది తక్కువ. దాని గొప్పతనం కూడా అదే. కదిలే భాగాలు లేవు, బరువు కొన్ని పదుల గ్రాములు తగ్గుతుంది, అదే నాణ్యతకు ధరా తగ్గుతుంది. స్వీడన్ వాళ్ల స్పూర్, అమెరికాలో గైస్లీ, బ్యాడ్జర్ వంటి పేర్లు పోటీల్లో కాల్చేవాళ్ల నోట తరచుగా వినపడతాయి. రైల్ నట్టును మామూలుగా 45 నుంచి 65 అంగుళ పౌండ్ల బలంతో, స్కోప్ చుట్టూ ఉండే రింగు స్క్రూలను 15 నుంచి 25 మధ్య బిగించమంటారు. మీ మౌంట్ కాగితంలో రాసిన అంకే చివరి మాట. బలం కొలిచే పానా లేకుండా చేత్తో అంచనా వేసేవాళ్లు రింగు స్క్రూలను అతిగా బిగించి, ఖరీదైన స్కోప్ గొట్టం మీద నొక్కులు తెచ్చుకుంటారు. గొట్టం నొక్కుకుంటే లోపలి జూమ్ కదలిక బిగుసుకుపోతుంది. ఇది లివర్ మౌంట్‌తోనూ జరుగుతుంది, ఎందుకంటే రింగులు రెండిటికీ ఒకటే. జీరో పోయిందని వచ్చే రైఫిళ్లలో తప్పు అడుగు బిగింపులో కాక రింగుల్లోనో, రైల్‌ను రైఫిల్‌కు బిగించిన చిన్న స్క్రూల్లోనో ఉండటం మామూలు. ఆ స్క్రూలు వదులైతే మీద ఎంత గొప్ప మౌంట్ పెట్టినా ఒకటే. నూనె తుడిచి, నీలం రంగు థ్రెడ్ లాకర్ చుక్క వేసి, కొలతతో బిగించి, స్క్రూ తల మీదినుంచి రైల్ మీదికి పెయింట్ గీత గీయండి. గీత విరిగితే స్క్రూ తిరిగిందని చూడగానే తెలిసిపోతుంది.

ఫిక్స్‌డ్ పక్షం సాధారణంగా ఒప్పుకోని సంగతి ఒకటుంది. నట్ల మౌంట్ కూడా తీయొచ్చు. అదే గాడిలో, ముందుకు నెట్టి, అదే బలంతో తిరిగి బిగిస్తే మంచి నట్ల మౌంట్ కూడా పాత జీరోకు చాలా దగ్గరగా వస్తుంది. లివర్ మౌంట్ జీరో నిలపడం వెనక ఉన్న సూత్రాలే ఇక్కడా పనిచేస్తాయి: అదే గాడి, అదే దిశ, అదే బలం. వీటిలో బలాన్ని నట్టుకు పానా కొలిచిపెడుతుంది, లివర్‌కు వంకర చక్రం కొలిచిపెడుతుంది. మధ్యేమార్గాలూ ఉన్నాయి. రూగర్ ఎం77 రైఫిల్ శరీరంలోనే కోసిన గుంటల్లో రింగులు నేరుగా కూర్చుంటాయి, మధ్యలో రైలే లేదు. జర్మనీ బ్లేజర్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి మౌంట్‌ను సూటిగా గొట్టం మీదికే ఎక్కించారు. ఆర్93, ఆర్8 రైఫిళ్లలో ఆ కొక్కెం మౌంట్ల సంప్రదాయం యంత్రపు కొలతతో మళ్లీ బతికింది. మౌంటూ రైఫిలూ ఒకే ఇంట్లో తయారైతే క్యూడీ ఎంత బాగా పనిచేస్తుందో చూడాలంటే అదే ఉదాహరణ.

జీరో నిలిచిందని ఎలా తెలుసుకోవాలి? చాలామంది చేసేది ఇది. ఐదు తూటాలు కాలుస్తారు, స్కోప్ తీసి పెడతారు, ఇంకో ఐదు కాలుస్తారు. రెండు గ్రూపుల మధ్య పావు అంగుళం తేడా కనిపిస్తుంది. మౌంట్ పావు అంగుళం కదిలిందని తీర్మానిస్తారు. ఇందులో ఒక లెక్క తప్పింది. 100 గజాల్లో అంగుళం గ్రూపు వేసే మంచి రైఫిల్‌తో, దేన్నీ ముట్టుకోకుండా ఐదేసి తూటాల రెండు గ్రూపులు కాల్చినా వాటి కేంద్రాల మధ్య సగటున పావు అంగుళం ఎడం వస్తుంది. అది తూటాల సహజమైన చెదురు, మౌంట్‌ది కాదు. అంతకంటే చిన్న కదలికను ఐదు తూటాలతో పట్టుకోవడం కుదరదు. అంతే దృఢంగా, అసలు కదల్లేదని చెప్పడమూ కుదరదు. ప్రకటనల్లో కనిపించే పావు ఎంఓఏ హామీలను ఈ కళ్లతో చదవాలి. నిమిషం కోణాన్ని ఎంఓఏ అంటారు, 100 గజాల దగ్గర అది 1.047 అంగుళాలు.

నమ్మదగ్గ పద్ధతికి ఎక్కువ తూటాలు కావాలి. ఒక లక్ష్యం మీద స్కోప్ ముట్టకుండా పది. పక్కనున్న లక్ష్యం మీద ప్రతి తూటాకూ ముందు స్కోప్ తీసి పెట్టి పది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి అదలాబదలాగా కాల్చాలి, లేకపోతే గొట్టం వేడెక్కడం, భుజం అలసట ఒక లక్ష్యం మీదే పడతాయి. రెండో గ్రూపు మొదటిదానంత బిగువుగా, అదే చోట ఉంటే మౌంట్ పని చేస్తోంది. కేంద్రం జరగకుండా గ్రూపు వెడల్పయితే లివర్ ప్రతిసారీ కొంచెం వేరుగా కూర్చుంటోందని అర్థం. సర్దుబాటు నట్టును ఒక మెట్టు బిగించి చూడాలి. గ్రూపు బిగువుగానే ఉండి కేంద్రం ఒక పక్కకు జరిగితే బహుశా మొదటిసారి పెట్టినప్పుడే మౌంట్ ముందుకు ఆనలేదు. ఈ పరీక్ష ఖర్చు ఇరవై తూటాలు. కొన్నవాళ్లలో దీన్ని చేసేవాళ్లు తక్కువ. అభిప్రాయాలు మాత్రం అందరికీ ఉన్నాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఎవరికి తీయాల్సిన పని ఉంది?

టెక్సస్‌లో రాత్రిపూట అడవి పందులను వేటాడేవాళ్లకు కచ్చితంగా ఉంది. అక్కడ పంటలను ధ్వంసం చేసే ఈ పందుల మీద రాత్రి వేటకు అనుమతి ఉంది. ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, 2019 నుంచి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. పగలు జింకకు మామూలు స్కోప్, రాత్రి పందులకు ఒంటి వేడిని చూపే థర్మల్ స్కోప్. ఒకే రైఫిల్ మీద రెండూ మార్చుకోవాలంటే లివర్ తప్ప దారి లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త: రెండు స్కోపులకూ ఒకే తయారీ మౌంట్లు వాడండి, ఒక్కోదానికీ రైల్ మీద ఏ గాడో పెయింట్ చుక్క పెట్టుకోండి. చాలా థర్మల్ స్కోపుల్లో ఒకటి కంటే ఎక్కువ జీరోలు దాచుకునే వీలుంటుంది గనుక వేరే రైఫిల్‌కు మార్చినా ఆ రైఫిల్ జీరో పిలుచుకోవచ్చు. అయితే పగటి స్కోప్ ముందు తగిలించే థర్మల్ పరికరాలు వచ్చాక ఈ అవసరం కూడా కొంత పలచబడుతోంది. పగటి స్కోప్ కదలకుండానే ఉంటుంది కాబట్టి దానికి నట్లే చాలు.

ఆఫ్రికాలో అడవి దున్నల వేటకు వెళ్లేవాళ్లది ఇంకా బలమైన కారణం. .375 హాలండ్, .416 రిగ్బీ వంటి 1912, 1911 నాటి తూటాలు ఇంకా అక్కడ రాజ్యం చేస్తున్నాయి. గాయపడిన దున్న దట్టమైన పొదల్లోకి దూరితే వెతుక్కుంటూ వెళ్లాలి. అది పదిహేను గజాల్లో మీదికొచ్చినప్పుడు స్కోప్‌లో కనిపించేది నల్లటి చర్మం ముక్క మాత్రమే. అక్కడ లివర్ తిప్పి స్కోప్ జేబులో వేసుకుని ఇనుప సైట్లతో వెళ్తారు. ఈ మౌంట్ జీరోకు ఒక అంగుళం అటూ ఇటూ తిరిగొచ్చినా ఎవరూ పట్టించుకోరు. తీయడానికి ఎంత సేపు పడుతుందన్నదే లెక్క. మన చిత్తూరు అడవుల్లో చామల లోయ పులి గురించి రాసిన కెన్నెత్ ఆండర్సన్‌కు ఈ గొడవే లేదు. ఆయన చేతిలో ఉన్నది స్కోప్ లేని .405 వించెస్టర్.

అమెరికాలో ఏఆర్ 15 రైఫిల్ ఉన్నవాళ్లు లివర్‌కు ఇచ్చే కారణం మాత్రం నాకు అంతగా నచ్చదు. స్కోప్ పాడైతే తీసి పారేసి, వెనకున్న ఇనుప సైట్లు లేపి కాలుస్తాం అంటారు. తొంభైల్లో ఈ వాదనకు బలం ఉండేది. గాజులో ఎర్ర చుక్కతో గురి చూపే ఇప్పటి రెడ్ డాట్‌ల మాట వేరు. ఎయిమ్‌పాయింట్ టీ2 ఒక్క బ్యాటరీతో 50 వేల గంటలు, అంటే ఐదేళ్లకు పైగా వెలుగుతుందని తయారీదారు లెక్క. అది ఆరిపోయినా దాని గాజులోంచే ఇనుప సైట్లు కనిపిస్తాయి, తీయాల్సిన పనే లేదు. జూమ్ స్కోప్ వాడేవాళ్లు 45 డిగ్రీల పక్కన చిన్న రెడ్ డాట్ పెట్టుకుంటున్నారు. రైఫిల్‌ను కాస్త వంచితే చాలు, అరసెకను పని. లివర్ తిప్పి, స్కోప్ లాగి, పారేసి, సైట్లు లేపే సరికి ఎంత సేపవుతుందో గడియారం పెట్టి చూసుకోండి.

దూరపు గురి పోటీల్లో కాల్చేవాళ్లకు క్యూడీ అసలు అక్కర్లేదు. 800, 1000 గజాల్లో పావు ఎంఓఏ అంటే రెండు అంగుళాల పైమాట. స్కోప్ తీసే సందర్భమే లేనప్పుడు ఆ తేడాను కొనితెచ్చుకోవడం దేనికి?

విమానంలో వెళ్లేవాళ్లది మధ్యస్థం. అమెరికాలో రైఫిల్‌ను ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో, చెక్-ఇన్ సామానుగానే పంపాలి. స్కోప్‌ను మాత్రం చేతి సామానులో క్యాబిన్‌లోకి తీసుకెళ్లనిస్తారు. సామాను విసిరే చేతుల నుంచి స్కోప్‌ను కాపాడుకోవడానికి లివర్ మంచిదే. కానీ దిగాక జీరో చూసుకోకుండా వేటకు వెళ్లే తెలివైనవాడెవడూ లేడు. రేంజ్‌కు ఎలాగూ వెళ్లాలంటే జేబులో పానా వేసుకెళ్లినా సరిపోతుంది.

భారత సైన్యం దగ్గర ఈ కథ ఇంకో రకంగా ఉంది. 1963లో సోవియట్ సైన్యంలో చేరిన ద్రగునోవ్ స్నైపర్ రైఫిల్ మన దగ్గరా చాలాకాలంగా ఉంది. దాని నాలుగు రెట్ల పీఎస్ఓ 1 స్కోప్ ఎడమ పక్కనున్న రైల్ మీద లివర్‌తో బిగుస్తుంది, స్కోప్ ఉన్నా దాని కింద ఇనుప సైట్లు కనిపిస్తూనే ఉంటాయి. ఇప్పుడు అమేఠీ దగ్గర కోర్వాలో తయారవుతున్న ఏకే 203లో రైల్ పక్క నుంచి పైకి ఎక్కింది. ఆరు లక్షలకు పైగా రైఫిళ్ల ఒప్పందం అది. కలష్నికోవ్ కుటుంబంలో పై మూత ఊడదీస్తేనే లోపల శుభ్రం చేయగలం. ఆ మూత మీదే రైల్ పెడితే, మౌంట్ లివరో నట్టో అన్నది రెండో సంగతైపోతుంది. రైలే రోజూ తెరుచుకునే తలుపు మీద ఉంది. అందుకే కొత్త తరంలో మూతను ముందు వైపు కీలుతో బిగించి, ఆట లేకుండా కూర్చునేలా చేశారు. స్కోప్ ఎంత గట్టిగా పట్టిందన్నదానికంటే ఆ కీలు ఎన్ని వేలసార్లకు వదులవుతుందన్నది ఇక్కడ ముఖ్యం.

ఇక మన ఊళ్లలో. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద వేట నిషిద్ధం, కాబట్టి జింకల లెక్కలు మనకు కథలే. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోపే ఉండదు, చిన్న రంధ్రమున్న వెనక సైట్‌తోనే కాల్చాలి. గచ్చిబౌలి రేంజ్‌లో కుర్రాళ్లు ఆ సైట్‌ను 11 మిల్లీమీటర్ల గాడి మీద ఎక్కడ బిగించారో గుర్తుపెట్టుకుంటారు. పెట్టెలో పెట్టేటప్పుడు తీస్తే మళ్లీ అదే గీత దగ్గర ఆనిస్తారు. ఫిక్స్‌డ్‌కూ క్యూడీకీ తేడా చెప్పమంటే నవ్వుతారేమోగానీ, అదే గాడి, అదే దిశ, అదే బలం అన్న సూత్రం వాళ్లకు చేతుల్లో ఉంది.

లైసెన్సు అక్కర్లేని 20 జూళ్ల లోపు ఎయిర్ రైఫిల్ కొని, దాని మీద స్కోప్ పెట్టుకునేవాళ్లే ఇక్కడ ఎక్కువ. వాళ్లలో స్ప్రింగ్ పిస్టన్ రైఫిల్ ఉన్నవాళ్లు ఒక్క విషయం గమనించాలి. ఈ తుపాకీ రెండువైపులా తన్నుతుంది. స్ప్రింగు విడుదలై పిస్టన్ ముందుకు దూకినప్పుడు రైఫిల్ వెనక్కి, పిస్టన్ చివర కొట్టుకుని ఆగినప్పుడు రైఫిల్ ముందుకు. ఆ రెండో దెబ్బకే మామూలు స్కోపుల లోపలి అద్దాలు కదిలిపోతాయి, మౌంట్ 11 మిల్లీమీటర్ల నున్నటి గాడి మీద వెనక్కి పాకుతుంది. పికటిన్నీలా అడ్డగాళ్లు లేవు గనుక ఆపేది లేదు. ఇలాంటి రైఫిల్ మీద లివర్ మౌంట్ పెట్టడం డబ్బు దండగ. రెండు వైపులా బిగించే పొడవాటి ఒకే ముక్క మౌంట్ తీసుకోండి. రైఫిల్ వెనక భాగంలో ఆపు రంధ్రం ఉంటే అందులో దిగే పిన్ను మౌంట్ కింద ఉందో లేదో చూసుకోండి. పిన్ను లేకపోతే మౌంట్ వెనక విడిగా ఒక ఆపు దిమ్మె బిగించుకోవచ్చు. స్కోప్ పెట్టె మీద ఎయిర్ గన్‌కు పనికొస్తుందని రాసి ఉండాలి. తూటాలు పేల్చే సెంటర్‌ఫైర్ రైఫిల్‌కు సరిపోయే స్కోప్ ఇక్కడ వారం తిరక్కుండా మొరాయించొచ్చు.